తలుపు తట్టి రండి

ఆమె తలుపు మూడుసార్లు తట్టింది. వేళ్ల కణుపులతో, మరీ గట్టిగా కాదు, మరీ మెల్లగానూ కాదు. మనసులో పది దాకా లెక్కపెట్టింది. లోపలినుంచి ఏ జవాబూ రాలేదు. గడియ తిప్పి లోపలికి అడుగుపెట్టింది.

మంచం మీద ఒక ముసలాయన పడుకుని ఉన్నాడు. కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు.

"సారీ సార్," అంది ఆమె. అని, గిరుక్కున వెనక్కి తిరిగి బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూసేసింది.

వరండాలో కొత్త నీలం కోట్లు తొడుక్కుని, నోటుపుస్తకాలు చంకలో పెట్టుకుని నిలబడ్డ తోటివాళ్లకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం ఎవరూ ఆగలేదు.

"అదేంటి చెల్లెమ్మా, వచ్చేశావు?" అన్నాడు లారీ డ్రైవరు, పొట్ట పట్టుకుని. "నిన్ను పంపింది ఆయన దుప్పటి మార్చడానికి కదా! ఆయన లేచి షికారుకి వెళ్లాక రమ్మన్నాడా ఏంటి?"

"సారీ చెప్పి మరీ వచ్చింది చూడు బాబాయ్," అన్నాడు సెలూన్లో జుట్టు కత్తిరించే తమ్ముడు. ఆ మాటకి మళ్లీ ఒక విడత నవ్వు లేచింది.

ఆమె చెవులు వేడెక్కాయి. తానేం చేసిందో తనకి తెలుస్తూనే ఉంది. కానీ చేసింది తాను కాదు, తన కాళ్లు. కాళ్లు వాటంతటవే వెనక్కి నడిచాయి.

వార్డుల్లో సహాయకులుగా పనిచెయ్యడానికి నాలుగు నెలల కోర్సు అది. చేరినవాళ్లంతా పిల్లల్ని కన్నవాళ్లే, ఎక్కడో ఒకచోట పని చేసుకుంటూ వచ్చేవాళ్లే. కాలేజీ రెండు వీధుల అవతల ఉంది. పరీక్ష గట్టెక్కినవాళ్లని ఒకటో తారీకునుంచి ఈ ఆసుపత్రే పనిలోకి తీసుకుంటుంది. అసలు మనుషుల దగ్గర ఒకసారి చెయ్యి అలవాటు కావాలని ఆ సోమవారం అందరినీ ఇక్కడికి తీసుకొచ్చారు.

టీచరమ్మ చేతిలో మార్కుల కాగితం ఉంది. ఆవిడకి ముప్పై కూడా ఉండవు, పాఠం చెప్పడం ఇదే మొదటి ఏడాది. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడింది. ఆవిడ తేల్చుకునేలోపే వెనకనుంచి ప్రిన్సిపాలు వచ్చాడు.

"సున్నా వెయ్యండి," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "మూడున్నర నెలలుగా నువ్వు నేర్చుకున్నది ఇదా? రోగిని చూసి పారిపోయేదానివి రోగుల దగ్గరేం పని చేస్తావు? గురువారం పరీక్ష. అందులో కూడా ఇలాగే చేశావనుకో, శుభ్రం చేసే విభాగానికి నిన్ను రాసి పంపిస్తాను. అక్కడ మంచాలు ఖాళీగానే ఉంటాయి, నీకూ హాయి."

ఆయనకి నలభై ఉంటాయేమో. ఆమెకి నలభై మూడు. డ్రైవరుకైతే యాభై అయిదు. కాలేజీలో అందరినీ ఆయన నువ్వు అనే అంటాడు. తలుపులు కూడా ఆయనకి తట్టడం తెలియదు, తొయ్యడమే.

"అలాగే సార్," అంది ఆమె.

సాయంత్రానికల్లా ఆమెకి 'సారీ అక్క' అని పేరు స్థిరపడిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం క్లాసుకి ఇంకా అరగంట ఉండగానే వచ్చింది. హోటల్లో ఆమె చేసే గదులు సర్దే పని ఒంటిగంటకి అయిపోతుంది. అక్కడ ఎవరూ ఆమెని పేరు పెట్టి పిలవరు. మూడో అంతస్తు గదులు ఆమెవి కాబట్టి ఆమె పేరే మూడో అంతస్తు. 'మూడో అంతస్తూ, నీ దగ్గర రెండు తువ్వాళ్లు ఎక్కువున్నాయా?' అని రెండో అంతస్తావిడ మెట్ల మీదనుంచి అరుస్తుంది. ఆ పిలుపు కూడా రేపటితో సరి. మానేస్తున్నానని చెప్పి నెల కావస్తోంది, ఆమె అంతస్తులోకి కొత్తమ్మాయి వచ్చేసింది కూడా. వెనక్కి వెళ్దామన్నా ఆ అంతస్తు ఇక లేదు.

ప్రాక్టీసు గదిలో నిజం ఆసుపత్రి మంచం ఒకటుంది. దాని మీద మనిషంత ప్లాస్టిక్ బొమ్మ వెల్లకిలా పడుకుని కప్పుని చూస్తూ ఉంటుంది. ఆమె బొమ్మని చంకల కింద చేతులేసి ఎత్తి, పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టింది. తల వాలిపోతుంటే గోడకి ఆనించింది. ఇక ఆమె చేతులు పరుగు అందుకున్నాయి. పాత దుప్పటి ఒక్క లాగుకి వచ్చేసింది. కొత్తది గాలిలో విసిరితే సరిగ్గా మధ్య గీత మంచం మధ్యకి వచ్చి వాలింది. మూలలు కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తోసింది. అరచేత్తో తలవైపునుంచి కాళ్లవైపుకి ఒకే ఒక్కసారి దువ్వింది. ముడతన్న మాట లేదు. బొమ్మని మళ్లీ ఎత్తి పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కాళ్ల దగ్గర బిగించింది.

"ఇన్నాళ్లూ ఇలాగేనా చేస్తున్నది?"

ఆమె చప్పున తిరిగింది. గుమ్మంలో టీచరమ్మ నిలబడి ఉంది, చేతిలో టీ గ్లాసుతో.

"ఇలాగే మేడం," అంది ఆమె. అబద్ధం ఆడటానికి ఏమీ మిగల్లేదు. "బొమ్మే కదా. కుర్చీలో కూర్చోమంటే కూర్చుంటుంది."

టీచరమ్మ నవ్వాపుకోవడానికి టీ తాగింది. తర్వాత వచ్చి మంచం చివర కూర్చోబోయి, అంత నున్నగా ఉన్న దుప్పటి చూసి మనసొప్పక, నిలబడే అడిగింది.

"నిన్న తలుపెందుకు మూసేశారు?"

"లోపల మనిషి ఉన్నారు మేడం."

"ఉంటారుగా. ఆసుపత్రి కదా."

ఆమె బొమ్మ కాళ్ల దగ్గర దుప్పటిని అక్కర్లేకపోయినా సర్దింది. "హోటల్లో మాకు అదే మొదటి పాఠం మేడం. తట్టాలి, పది లెక్కపెట్టాలి, లోపలికెళ్లాలి. మనిషి కనిపిస్తే సారీ చెప్పి వచ్చేయాలి. వాళ్లు మనల్ని చూడకూడదు, మనం వాళ్లని చూడకూడదు. పందొమ్మిదేళ్లలో మనిషున్న మంచం మీద నేను చెయ్యి వెయ్యలేదు. మాటా మాట్లాడలేదు."

"మరి ఈ పనిలోకి ఎందుకొచ్చారు?"

"పొద్దున్నే పక్క వేస్తాను. సాయంత్రానికి ఎవరో వచ్చి పడుకుంటారు. బాగా నిద్ర పట్టిందో లేదో ఒక్కరూ చెప్పరు కదా మేడం. చెప్తే వినాలనిపించింది."

టీచరమ్మ గ్లాసు కిటికీలో పెట్టేసింది.

క్లాసు మొదలైంది. రోజూ ఉండే పాఠమే. గోడకి తగిలించిన పటంలో రోగి పడుకుని ఉండగా దుప్పటి మార్చే పన్నెండు స్టెప్పులూ ఉన్నాయి. ఒకరు లేచి చదవాలి, మిగతావాళ్లు వెంట అనాలి. రెండో స్టెప్పు దాటకుండానే డ్రైవరు గడ్డం ఛాతీ మీదికి వాలింది. ఆయన తెల్లవారుజాము దాకా లారీ నడిపి వచ్చాడు. వెనక బెంచీలో ఒకావిడ కళ్లు తెరిచే నిద్రపోతోంది. నాలుగో స్టెప్పు దగ్గర చదివేవాళ్ల గొంతు కూడా నీరసించింది.

టీచరమ్మ పుస్తకం మూసింది. ఆ చప్పుడుకి డ్రైవరు ఉలిక్కిపడి, "అయిదోది," అన్నాడు.

టీచరమ్మ చెప్పులు విప్పింది. అందరినీ ప్రాక్టీసు గదిలోకి రమ్మంది. బొమ్మని తనే ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, కొంగు దోపుకుని, మంచమెక్కి వెల్లకిలా పడుకుంది.

"నాకు ఒంట్లో బాగాలేదు. లేవలేను. నా కింద దుప్పటి మార్చండి. ఎవరొస్తారు?"

ఎవరూ కదల్లేదు. బడిలో టీచరు మంచమెక్కి పడుకోవడం వాళ్లలో ఎవరూ చూడలేదు. చివరికి డ్రైవరే చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు. నడుము కింద ఒక చెయ్యి, భుజం కింద ఒక చెయ్యి వేసి, మూట దొర్లించినట్టు ఒక్కసారి దొర్లించాడు.

"అమ్మో!" అని టీచరమ్మ మంచం పక్క కడ్డీని రెండు చేతులా పట్టేసుకుంది. ఆవిడ ముఖంలో ఆటేమీ లేదు. నిజంగానే భయపడింది. "పడిపోతున్నాననుకున్నాను డ్రైవరుగారూ! ఎటు తిప్పుతున్నారో, ఎప్పుడు తిప్పుతున్నారో నాకు తెలియాలి కదా."

"తప్పయిపోయింది మేడం."

"తప్పు సంగతి అలా ఉంచండి. మీరు లారీని పక్కకి తిప్పే ముందు ఏం చేస్తారు?"

"అద్దంలో చూస్తా. ఇండికేటరు వేస్తా. అప్పుడే తిప్పుతా."

"మరి నాకెందుకు వెయ్యలేదు?"

గది ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా డ్రైవరే నవ్వాడు. మళ్లీ వంగి, "మేడం, ఎడంపక్కకి తిప్పుతున్నా, ఇండికేటరు వేశా," అని చెప్పి మరీ తిప్పాడు. ఈసారి టీచరమ్మ కడ్డీ పట్టుకోలేదు.

అక్కణ్నుంచి క్లాసు క్లాసులా లేదు. సెలూన్ తమ్ముడు వచ్చి, తల లాగకూడదని, గడ్డం కింద రెండు వేళ్లు ఆనిస్తే మనిషే తలని మనకి అప్పజెప్తాడని చేసి చూపించాడు. కళ్లు తెరిచి నిద్రపోయే ఆవిడ అద్దె ఇళ్లకి రంగులు వేసే మనిషి. నిచ్చెన మీదనుంచి వంగితే నడుము పోతుందని, మంచాన్ని తన నడుము ఎత్తుకి లేపుకున్నాక గానీ చెయ్యి వెయ్యకూడదని ఆవిడ అంది. పటంలో అది మూడో స్టెప్పు. మూడున్నర నెలలుగా చదువుతున్నా అదెందుకో ఎవరికీ తట్టలేదు.

"ఇప్పుడు మీరు," అంది టీచరమ్మ.

ఆమె మంచం దగ్గరికి వచ్చింది. మంచం మీద కళ్లు తెరిచి చూసే మనిషి ఉంది. చేతులు గాలిలో ఆగిపోయాయి. కాళ్లు అప్పుడే సగం అడుగు వెనక్కి వేశాయి.

"సారీ అక్క సారీ చెప్పేస్తుందిరోయ్," అని ఎవరో మెల్లగా అన్నారు.

"మీ హోటల్లో ఎలా వస్తారో అలా రండి," అంది టీచరమ్మ, పడుకునే.

ఆమె బయటికెళ్లింది. తలుపు వేసింది. మూడుసార్లు తట్టింది. పది లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర లోపలినుంచి గొంతు వినిపించింది.

"రండి."

ఆమె గడియ మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. ఆ మాట కోసం ఏ గది ముందూ ఆమె ఎదురుచూడలేదు. వచ్చినా వెనక్కి తిరగడమే తెలుసు. ఇప్పుడు రమ్మన్నారు. రమ్మన్నాక వెళ్లకపోతే అది కదా తప్పు.

లోపలికెళ్లింది. మాట పెగల్లేదు గానీ చెయ్యి ఆడింది. పక్కకి తిప్పింది, పాత దుప్పటిని వీపు దాకా చుట్టింది, కొత్తదాన్ని పరిచింది, ఆ చుట్ట మీదుగా ఇటువైపు తిప్పుకుంది, అటువైపునుంచి లాగింది. పై దుప్పటి కప్పి కాళ్ల దగ్గర బిగించి తోసింది.

"నా కాలివేళ్లు కదలడం లేదు," అంది టీచరమ్మ.

చూస్తే నిజమే. బిగించిన దుప్పటి కింద ఆవిడ పాదాలు రెండూ కిందికి వంగి, ఇనప్పెట్టె కింద పడినట్టున్నాయి. బొమ్మ ఎన్నడూ ఈ మాట చెప్పలేదు.

టీచరమ్మ లేచి కూర్చుని, కాళ్ల దగ్గర దుప్పటిని బెత్తెడు పైకి లాగి, అడ్డంగా ఒక మడత పెట్టి వదిలింది. కింద పాదాలకి చిన్న గూడు ఏర్పడింది.

"మా దగ్గర ముడత ఉంటే తప్పు రాసుకుంటారు మేడం."

"ఇక్కడ ఈ ఒక్క ముడత లేకపోతే తప్పు."

ఆమె తన చేత్తో ఆ మడత ఒకసారి విప్పి మళ్లీ పెట్టింది. టీచరమ్మ సరిగ్గా ఉందా లేదా చూడటానికి మళ్లీ పడుకుంది. అప్పుడే తలుపు ధనామని గోడకి కొట్టుకుంది.

"ఏంటీ వేషం?" అన్నాడు ప్రిన్సిపాలు.

టీచరమ్మ గబగబా లేచింది. జుట్టు ఊడిపోయింది. ఒక చెప్పు కాలికి దొరికింది, రెండోది మంచం కిందికి పోయింది. ఒంటి చెప్పుతో, ఎర్రబడ్డ ముఖంతో ఆవిడ నిలబడితే అందరూ నేల చూశారు.

"గురువారం వీళ్లు పన్నెండు స్టెప్పులూ అప్పజెప్పాలి. పటం చదివించండి చాలు," అన్నాడాయన. "ముఖ్యంగా నువ్వు, సారీ చెప్పేదానా."

వెళ్లేటప్పుడు ఆయన తలుపు వెయ్యలేదు. ఆమె వెళ్లి వేసింది. తర్వాత మంచం కిందికి వంగి, రెండో చెప్పు తీసి టీచరమ్మ కాలి దగ్గర పెట్టింది. టీచరమ్మ కళ్లు చెమ్మగిల్లాయి, తుడుచుకోలేదు. జుట్టు ముడి వేసుకుని, "తర్వాత ఎవరు?" అని మళ్లీ మంచమెక్కింది.

*

బుధవారం హోటల్లో కొత్తమ్మాయికి సబ్బుల లెక్క, తువ్వాళ్ల మడత అప్పగించి, తోపుడు బండిని అరలో పెట్టి, కోటు విప్పి ఇచ్చేసింది. రెండో అంతస్తావిడ మెట్ల మీదనుంచి, "మూడో అంతస్తూ, మర్చిపోకు!" అంది. ఎవరిని, ఏం మర్చిపోవద్దందో తేల్చుకోకుండానే ఇద్దరూ నవ్వుకున్నారు.

క్లాసయ్యాక ఇంటికొచ్చి గోడకి ఎదురుగా నిలబడి పన్నెండు స్టెప్పులూ అప్పజెప్పుకుంది. అయిదు దాటగానే ఏడు వస్తోంది. ఏడునుంచి వెనక్కి వెళ్తే మూడు వస్తోంది. మంచం మీద కూర్చుని నిమ్మళంగా చూస్తున్న అత్తగారు ఇక ఆగలేకపోయింది.

"గోడకేం ఒంట్లో బాగాలేదా ఏంటే? దానికి చెప్తున్నావు?"

"పరీక్ష అత్తయ్యా. అప్పజెప్పాలి."

"ఆ చెప్పేదేదో నాకు చెప్పి చావు. నేను పడుకుంటా. కానీ నన్ను దొర్లించావంటే ఊరుకోను, ముందే చెప్తున్నా."

అత్తగారు కళ్లజోడు తీసి కిటికీలో పెట్టి, దిండు సరిచేసుకుని, పెద్ద రోగంతో ఉన్నట్టు మూలుగుతూ పడుకుంది.

"మూలగక్కర్లేదు అత్తయ్యా."

"రోగమన్నాక మూలుగుండదా? నువ్వు నీ పని చూడు."

ఆమె గుమ్మం బయటికెళ్లి తట్టింది. "ఎవరూ?" అంది అత్తగారు, నిజంగానే ఎవరో వచ్చినట్టు. "నేనే, దుప్పటి మార్చడానికొచ్చాను," అంది ఆమె. అన్నాక గానీ తెలియలేదు, అది మొదటి స్టెప్పని.

"మంచం కొంచెం పైకి లేపుతానమ్మా... లేదులే, ఈ మంచం లేవదు. ఇదిగో, అటువైపు తిరుగుతారా? నా చెయ్యి మీ వీపు మీదే ఉంది. పడరు. నెమ్మదిగా. ఇప్పుడు మీ వెనక ఒక చుట్టలా తగులుతుంది, అది పాత దుప్పటి. దాని మీదుగా ఇటు రావాలి."

"గట్టుమీద దొర్లినట్టుంది."

"అయిపోయింది. వచ్చేశారు. ఇదిగో ఇటు లాగేస్తున్నా."

"ఒసే, కప్పుకున్నది తీసేటప్పుడు తలుపు వెయ్యవే! వీధిలో పోయేవాళ్లంతా నా కాళ్లే చూస్తున్నారు. రోగముంటే మాత్రం సిగ్గుండదా?"

ఆమె గబగబా వెళ్లి తలుపు వేసొచ్చింది. అది పటంలో రెండో స్టెప్పు. తొమ్మిది దాటాక గుర్తొచ్చింది. కానీ ఇక అది మర్చిపోయేది కాదు.

అంతా అయ్యాక చివర్లో కాళ్ల దగ్గర మడత పెట్టింది. అత్తగారు దుప్పటి కింద వేళ్లు ఆడించి చూసుకుంది. మూలుగు మానేసింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ఇంకో అరగంట ఉంటాను," అంది అత్తగారు, కళ్లు మూసుకుని. "నువ్వెళ్లి వంట చూసుకో."

*

గురువారం పరీక్ష తీసుకోవడానికి వార్డు పెద్ద నర్సు వచ్చింది. ఒకటో తారీకునుంచి వీళ్లు పనిచేయాల్సింది ఆవిడ కిందే. కళ్లజోడుకి గొలుసు, చేతిలో అట్టముక్కకి బిగించిన మార్కుల కాగితం. ఎవరినీ పలకరించలేదు. ఒక్కొక్కరినీ ఒక్కో గదిలోకి పంపి, తను మూలన నిలబడి చూస్తోంది. డ్రైవరు బయటికొచ్చి బొటనవేలు చూపించాడు. "ఇండికేటరు మర్చిపోకు చెల్లెమ్మా," అన్నాడు లోగొంతుకతో.

టీచరమ్మ వరండా చివర గోడకి ఆనుకుని నిలబడి ఉంది. తన కాళ్ల వైపు ఒకసారి చూపించి కాలివేళ్లు కదిపింది.

ఆమె తలుపు మూడుసార్లు తట్టింది.

"రండి," అంది లోపలినుంచి బలహీనమైన గొంతు.

మంచం మీద ఒక పెద్దావిడ ఉంది. బాగా చిక్కిపోయింది, జుట్టు మాత్రం పాపిడి తీసి దువ్వుకుని ఉంది. ఆమె లోపలికి వెళ్లి తలుపు వేసింది. వెంట వచ్చిన పెద్ద నర్సు మూలకి వెళ్లి పెన్ను తీసింది.

"మీ దుప్పటి మార్చడానికొచ్చానమ్మా. మీరు లేవక్కర్లేదు. మంచం కొంచెం పైకి లేస్తుంది, కంగారు పడకండి." మర తిప్పింది. మంచం నడుము ఎత్తుకి లేచింది. అటువైపు కడ్డీ లేపి, గట్టిగా ఊపి చూసింది. ఇటువైపు కడ్డీ దించింది. "ఇప్పుడు కిటికీ వైపు తిరుగుదాం. నా చెయ్యి ఇక్కడ, ఇంకో చెయ్యి ఇక్కడ. మీరు రెడీ అన్నాకే."

"రెడీ," అంది పెద్దావిడ. తిరిగింది. ఆవిడ తొడుక్కున్న ఆసుపత్రి చొక్కా వెనకవైపు ముళ్లు ఊడిపోయి, వీపంతా బయటపడింది. ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నాయి.

అప్పుడు తలుపు ధనామని గోడకి కొట్టుకుంది.

ప్రిన్సిపాలు. వెనక కాలేజీ పని చూడటానికొచ్చిన, కోట్లు వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు. "ఇదిగో సార్, మన స్టూడెంట్లు ఇలా అసలు పేషెంట్ల మీదే..." అని చెప్పుకుంటూ లోపలికి రెండడుగులు వేశాడు.

పెద్దావిడ ఒళ్లు కొయ్యబారిపోయింది. చొక్కా అంచు కోసం వెనక్కి చెయ్యి తడుముతోంది, అందడం లేదు. సిగ్గుతో మెడ దాకా ఎర్రబడింది. తిరిగి చూడలేకపోయింది.

ఆమె ఎడంచేత్తో కొత్త దుప్పటి లాగి ఆవిడ వీపు మీద కప్పేసింది. కుడిచెయ్యి ఆవిడ భుజం మీదే ఉంది. ఇటువైపు కడ్డీ దించి ఉంది. చెయ్యి తీసి తలుపు దగ్గరికి వెళ్తే మనిషి పడిపోవచ్చు. కాళ్లు ఈసారి ఎటూ కదల్లేదు. ఇక మిగిలింది నోరొక్కటే.

"సార్," అంది ఆమె. గొంతు తనదేనా అన్నంత స్థిమితంగా వచ్చింది. "లోపల మనిషి ఉన్నారు. బయటికెళ్లి తలుపు వెయ్యండి. తట్టి రండి."

ప్రిన్సిపాలు నోరు తెరిచాడు. "నువ్వెవరితో..."

"ఈవిడ రమ్మన్నాక రండి సార్."

ఆయన మూలన ఉన్న పెద్ద నర్సు వైపు చూశాడు. పెద్ద నర్సు కళ్లజోడు మీదుగా ఆయన్ని ఒకసారి, తెరిచి ఉన్న తలుపుని ఒకసారి చూసింది. పెన్ను మాత్రం కాగితం మీదే ఉంది. కోట్లవాళ్లలో పెద్దాయన అప్పటికే తలదించుకుని గడప దాటేశాడు. రెండో ఆయన వెనకే వెళ్లాడు. ప్రిన్సిపాలు ఇంకొక్క క్షణం నిలబడి, వెనక్కి అడుగులు వేశాడు. తలుపు మూసుకుంది, చప్పుడు లేకుండా.

"వెళ్లిపోయారమ్మా," అంది ఆమె. "తలుపు వేసే ఉంది. ఈ ముళ్లు వేసేసి మన పని మనం చూసుకుందాం."

చేతి కింద ఆవిడ భుజం మెల్లగా వదులైంది. "ఊఁ," అంది పెద్దావిడ కిటికీకేసి.

వీపు దాకా చుట్టడం, పరచడం. "ఇప్పుడు మీ వెనక గట్టులా తగులుతుంది. దాని మీదుగా ఇటు." దాటింది. లాగింది. అరచేత్తో ఒకే ఒక్కసారి దువ్వితే ముడతన్న మాట లేదు. పై దుప్పటి కప్పి, కాళ్ల దగ్గర బెత్తెడు పైకి లాగి, అడ్డంగా మడత పెట్టింది. కడ్డీ లేపింది, మంచం దించింది, పిలిచే గంట మీట ఆవిడ చేతికందేలా దిండు పక్కన పెట్టింది.

"కాలివేళ్లు కదులుతున్నాయా?"

దుప్పటి కింద పాదాలు అటూ ఇటూ ఊగాయి. "ఎన్నాళ్లకి," అంది పెద్దావిడ. కొంచెం ఆగి, "రాత్రి బాగా నిద్ర పడుతుంది. పొద్దున్నే చెప్తాను," అంది.

ఆమె మంచం అంచు పట్టుకుని నిలబడింది. ఆ మాట లోపలికి దిగడానికి కాస్త సమయం కావాల్సి వచ్చింది.

"ఇప్పుడు పన్నెండు స్టెప్పులూ అప్పజెప్పాలాండీ?" అని పెద్ద నర్సుని అడిగింది. అడుగుతుంటే భయమేమీ వెయ్యలేదు.

"నాకెందుకూ?" అంది పెద్ద నర్సు. ఆమెతో ఆవిడ మాట్లాడిన మొదటి మాట అదే. "చెప్పాల్సినావిడకి చెప్పారుగా, విన్నాను. ఇక్కడ సంతకం పెట్టండి. ఒకటో తారీకు ఏడింటికల్లా వార్డులో ఉండాలి. ఆలస్యమైతే నేను మంచిదాన్ని కాదు."

ఆమె సంతకం పెడుతుండగా తలుపు మీద చప్పుడైంది. మూడుసార్లు. గట్టిగా కాదు. చెయ్యి అలవాటు లేనట్టు, మూడోది కొంచెం ఆలస్యంగా.

పెద్ద నర్సు ఆమెకేసి చూసింది. ఆమె పెద్దావిడకేసి చూసింది. పెద్దావిడ పాపిడి మీద చెయ్యి వేసి చూసుకుంది, చొక్కా మెడ సర్దుకుంది, అద్దం కోసం కాబోలు బల్ల వైపు చెయ్యి చాపింది.

"ఇంకొక్క నిమిషం," అంది.

"ఇంకొక్క నిమిషం సార్," అని తలుపు వైపు చెప్పి, ఆమె అద్దం తీసి పెద్దావిడ చేతికిచ్చి, దిండు ఎత్తి నెమ్మదిగా సర్దసాగింది.